లోపలికి పీల్చే అవును

ఆ ఊళ్ళో అవునని చెప్పరు,
అవునని పీలుస్తారు.
పెదాలు ముడిచి చటుక్కున ఒక గుక్క గాలి లోపలికి లాగితే
అదే ఒప్పుకోలు, అదే సరే, అదే ‘నాకు తెలుసులే’.
నార్వే ఈశాన్యపు కొసన వార్డో రేవులో
పాతికేళ్ళు పడవ నడిపిన ఐలిఫ్
నా గదికి వచ్చిన మొదటి రోజు
అరగంటలో ఆడిన మాటలన్నీ కలిపి
నాలుగు గుక్కల గాలి.

అతని ఒడిలో రెండేళ్ళ సున్నివా.
చెవి వెనక చిక్కుడు గింజంత యంత్రం,
దాన్నుంచి ఒక తీగ,
తీగ కొసన జుట్టులో అతుక్కున్న బిళ్ళ.
ఆపరేషనై పది వారాలు.

ఎదురుగా కాదు, పక్కన కూర్చున్నాను.
పెదాలు కనిపిస్తే చెవి బద్ధకిస్తుంది.
ఆ అన్నాను. ఊ అన్నాను. ఈ అన్నాను.
వినపడినప్పుడల్లా గిన్నెలో ఒక గవ్వ వెయ్యాలి.
ఆ-కి వేసింది.
మ్-కి కాసేపు ఆలోచించి వేసింది.
ష్-కి కిటికీ వైపు చూసింది.
స్-కి గవ్వను నోట్లో పెట్టుకుంది.

అప్పుడు తండ్రి వైపు తిరిగి చెప్పాను:
ఇంట్లో మాట్లాడండి.
ఏం మాట్లాడను?
ఏం చేస్తుంటే అది. బూటు తొడుగుతూ బూటు గురించి,
కెటిల్ కూత పెట్టకముందే కెటిల్ గురించి.
ఒక గుక్క గాలి.
అది వద్దు, అన్నాను. ఆ గాలి ఈ బిళ్ళకి అందదు.
గొంతు పెట్టి చెప్పండి.

నడిరేవులో చొక్కా విప్పమన్నట్టు చూశాడు.
వాళ్ళ నాన్న వాతావరణం తప్ప మాట్లాడలేదట.
తాత ఇంజనుతో మాత్రం మాట్లాడేవాడట,
అదీ ఆగిపోయినప్పుడు.
ఈ ఏడు ఐలిఫ్ ఇంజనూ ఆగిపోయింది, పడవ ఒడ్డెక్కింది,
భార్య రాన్‌వైగ్ చేపల ఫ్యాక్టరీకి పోతే
చలికాలమంతా పిల్ల అతని దగ్గరే.

ఒక నోటుబుక్కు ఇచ్చి పంపాను.
తర్వాతి వారం తెరిచి చూస్తే:

సోమవారం. మాట్లాడాను. గొంతు నొప్పి.

మంగళవారం. బంగాళదుంప గురించి.
అనుకున్నదానికంటే చాలా ఉంది దాని గురించి.

బుధవారం. గాలికి బిళ్ళ మూడుసార్లు ఊడింది.
నాలుగోసారి తనే పీకి మంచులో పారేసింది.
గంటసేపు వెతికాం.
వెతుకుతూ మాట్లాడుతూనే ఉన్నాను, ఎవరికీ వినపడకపోయినా.
ఆ గంటా పిల్ల ముఖం నిమ్మళంగా ఉంది.
ఇది కూడా రాయాలా?

కింద ఎర్ర సిరాతో రాశాను: రాయండి.
ఆపైన ఇంకేం రాయాలో నాకూ తోచలేదు.

నెలలు గడిచాయి. సూర్యుడు తిరిగొచ్చాడు,
మొదట పది నిమిషాలకి, మొహమాటంగా.
ఐలిఫ్ రేవులో నడుస్తూ మాట్లాడుతుంటే
మొదట్లో జనం వెనక్కి తిరిగి చూసేవారు.
తర్వాత పక్కింటాయన వల బాగుచేస్తూ
ఒకరోజు తనే అడిగాడట,
ఇవాళ దేని గురించి?
పిల్ల ముందు డుక్‌డుక్ అంది, బోటుకి.
తర్వాత బూటు. తర్వాత వద్దు. వద్దు చాలా రోజులుంది.

మే నెలలో ఒక గురువారం
గిన్నె నిండా గవ్వలు. స్-కి కూడా.
ఇంకొకటి వేద్దామా, అని అడిగాను.
సున్నివా పెదాలు ముడిచి
చటుక్కున గాలి లోపలికి లాగింది.

ఐలిఫ్ లేచి నిలబడ్డాడు.
నేను నేర్పలేదు, ఒట్టు, అన్నాడు,
మీరు వద్దన్నాక దాని ముందు ఒక్కసారి కూడా...
అని ఆగి, కాసేపటికి,
రాత్రి బిళ్ళ తీసేశాక
నా ఛాతీ మీదే నిద్రపోతుంది, అన్నాడు.
రాన్‌వైగ్ ఏదో అడుగుతుంది. నేను జవాబిస్తాను.

నా ఫారంలో ఆ శబ్దానికి గడి లేదు.
అంచున పెన్సిలుతో గీసుకున్నాను
లోపలికి తిరిగిన ఒక చిన్న బాణం.

నేను దక్షిణాదిదాన్ని, బెర్గెన్ వానల్లో పెరిగినదాన్ని.
ఆ గుక్క నాకు ఇప్పటికీ రాదు.
ఆ రోజు ప్రయత్నించాను.
సున్నివా శ్రద్ధగా విని
గవ్వ వెయ్యలేదు.